గుంత బండ

ఎర్రగుంట్ల టేసన్ దాటినాక, లారీల కాటా పక్కన నా కొట్టం.
అక్షరానికి ఆరు రూపాయలు. ఒత్తుకూ దీర్ఘానికీ వేరే లెక్క లేదు.
గోరీ మింద పేరైనా, గుడి మెట్టు మింద దాత పేరైనా
మా నాయన నేర్పింది ఒకటే మాట:
కొట్టినాక చెరపలేవు, ముందు బాగా చదువుకో.

చర్చి పెద్దలు నలుగురు ఆటోలో వచ్చినారు,
కాళ్ళ కింద ఒక నాపబండ.
కింది సగం నున్నగా గుంత పడిండాది.
ఓబులమ్మ బట్టలుతికిన బండంట.
మొగుడు చిన్న నాగన్న గనిలోంచి తెచ్చిన కడాపటిది.
పై వారమే ఆ గని ఆయప్పను మింగింది.

"దీని మిందే మా విశ్వాస ప్రమాణం కొట్టాల."
కాయితం చూస్తి. బండ చూస్తి. జానతో కొలిస్తి.
"గుంత వదిలేస్తే ఎనిమిది వరసలు.
మీరు రాసుకొచ్చింది పద్నాలుగు.
ఏం తీసేయాలో మీరే చెప్పండి" అంటి.

అంతే, నా కొట్టంలోనే సభ.

"భూమ్యాకాశాలు చేసినోన్ని తీసేస్తే
గోడే లేదు, బండ యాడ పెడతావు?" అన్నాడు ఆశీర్వాదం సారు.
కన్నె కడుపున పుట్టినాడనేది ఊరు నగినా తియ్యొద్దని ఇంకొకాయన.
"ముంచేదా, చల్లేదా? బాప్తిస్మం సంగతి ముందు రాయండి."
"అది ప్రమాణంలో లేదు యోనా,
మన కొట్లాటలో ఉండాది" అన్నాడు అయ్యగారు.

"ఆ పిలాతు పేరెందుకు?
చంపించినోని పేరు దేవుని గోడ మిందనా?"
పొద్దున్నుంచీ మొదటిసారి నలుగురూ ఒకటైనారు.
పెన్సిలు తీసుకోని ఆ వరస కొట్టేయబోతి.

నీళ్ళ డ్రమ్ము పక్కన కూచున్న ఓబులమ్మ అప్పుడు నోరు తెరిచింది.
"ఉండనీ అబ్బా, ఆ పేరు.
నాగన్న సచ్చినప్పుడు పోలీసు కాయితంలో
కంట్రాక్టరు పేరు రాయలేదు.
ఎవురూ సంపలేదు, ఆయనే సచ్చినాడు అని తేల్చినారు.
పేరుంటేనే జరిగినట్టు.
ఏ దొర కాలంలోనో ఉంటేనే, ఇది కత కాదని తెలిసేది."

యంత్రం బండ కోసే సద్దు ఒకటే మిగిలింది.

"మరి ఏం తీసేద్దామమ్మా?"

"నాకేం తెలుసు సామీ, చదువు రానిదాన్ని.
మీరు చెప్పించేటప్పుడు సగం చోట్ల ఉత్త నోరాడిస్తా.
ముగ్గురు ఒకరెట్లనో నాకర్థం కాలే,
కాలేదని ప్రభువుకే చెప్పినా.
పాపాలు పోతాయనే కాడ గట్టిగా అంటా,
నావి నాకు తెలుసు గాబట్టి.
కంట్రాక్టరువీ పోతాయా అని తోస్తే నోరు పడిపోతాది.
శరీరం లేస్తాదనే కాడ మాత్రం అరుస్తా.
ఉత్త ఆత్మతో నేనేం జేసుకోను?
ఒక కాలూ ఒక చెయ్యీ దొరికినాయి మాకు.
మిగతా మనిషి ఆ గుంత నీళ్ళ కిందనే ఉండాడు.
ఆయప్ప లేయకపోతే ఇంక లేసేదేంది?"

ఆశీర్వాదం సారు అద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళా పెట్టుకున్నాడు.
ఎవురూ ఏమీ తీసేయమనలేదు.
"గుంతలో కూడా కొడతా" అంటి.
"అక్షరాలు కిందికి జారతాయి, వంకర పోతాయి."
"పోనీ" అన్నాడు అయ్యగారు.

పదకొండు దినాలు పట్టింది.
దూదేకులోన్ని నేను. దేవునికి కొడుకేంది అనే ఇంట్లో పెరిగినోన్ని.
ఆ వరస కాడ నా మనసు పక్కన కూచుంది, చెయ్యి పని చేసింది.
మట్టిలోంచి మనిషి లేస్తాడనేది మాత్రం
మా అవ్వ కూడా చెప్పేది, అన్నం కలిపి పెడతా.

బండ తీసుకపోయే దినం ఓబులమ్మ వచ్చింది.
"యాడుండాది అది?"
చెయ్యి పట్టుకోని గుంతలో పెడితి.
ఆ గుంత ఆమెకు తెలుసు, ముప్పై ఏండ్లు ఆమె తవ్విందే.
బొటనేలు నిదానంగా పోయింది:
శ. రీ. రం.
సున్న కాడ ఆగింది. దుమ్ము గీరింది. మళ్ళా తడిమింది.

"లోతు చాల్లేదబ్బా" అనింది. "ఇంకా కొట్టు."

ఉలి నూరుకుంటి.